వాదించకు, వ్యాసం రాయి

మన తెలుగు ఇళ్ళల్లో పిల్లల్ని తిట్టే తిట్లలో శాస్త్రీయమైన తిట్టు ఒకటుంది. "వితండవాదం చెయ్యకు." బడి మొహం చూడని అమ్మమ్మలు కూడా ఈ మాట వాడతారు. న్యాయశాస్త్రంలోంచి తిన్నగా వంటింట్లోకి దిగొచ్చిన మాట ఇది. న్యాయసూత్రాల్లో చర్చని మూడు రకాలుగా విడగొట్టారు. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ పెట్టుకోకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండ. ఈ మూడింట్లో మన ఇళ్ళల్లో మిగిలింది మూడోది ఒక్కటే, అది కూడా తిట్టుగా. పిల్లవాడు "ఎందుకు?" అన్నాడంటే వితండవాదం. "అలాగైతే మరి..." అన్నాడంటే ఇంకా పెద్ద వితండవాదం.

సింగపూరొచ్చాక మనవాళ్ళం ఇంకో మెట్టు పైకెక్కాం. ఇంట్లో ఎదురు చెప్పొద్దని నోరు మూయించి, శనివారం పొద్దున్నే అదే పిల్లని ఆర్గ్యుమెంటేటివ్ ఎస్సే ట్యూషన్‌కి పంపిస్తాం. గంటకింతని డబ్బు కట్టి మరీ వాదించడం నేర్పిస్తాం. ఇక్కడి ప్రభుత్వం చేసే గృహవ్యయ సర్వే ప్రకారం 2023లో సింగపూరు కుటుంబాలు ట్యూషన్ల మీద పెట్టిన ఖర్చు 180 కోట్ల సింగపూరు డాలర్లు. 2017-18లో అది 140 కోట్లు. అందులో మన వాటా ఎంతో నాకు తెలీదు గానీ, ఆదివారం మధ్యాహ్నం ట్యూషన్ సెంటర్ల ముందు కార్లలో కూచుని ఫోన్లు చూసుకునే తండ్రుల్లో మనవాళ్ళు తక్కువేం ఉండరు.

నా ప్రతిపాదన ముందే చెప్పేస్తాను. హైస్కూలు ఇంగ్లీషులో వాదన రాయడం, నవల చదవడం అనేవి రెండు వేరు వేరు పనులు కావు. కలిపి నేర్పితేనే రెండూ వస్తాయి. మనం మార్కుల కోసం మొదటిదాన్ని సూత్రంగా బట్టీ పట్టించి, రెండోదాన్ని అసలు వదిలేయిస్తున్నాం. దీనికి పరీక్షల బోర్డుని ఎంత తిట్టాలో అంతకన్నా ఎక్కువ మనల్నే తిట్టుకోవాలి.

ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఉన్న పాఠకుల కోసం ఇక్కడి సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ సెకండరీ ఒకటి, రెండు తరగతుల్లో, అంటే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకి, ఇంగ్లీషు లిటరేచర్ తప్పనిసరి పాఠం. నవలో నాటకమో ఒకటి చదువుతారు. రెండో ఏడాది చివర ఒక ఫారం ఇస్తారు. పై రెండేళ్ళూ ఏ సబ్జెక్టులు తీసుకుంటావో రాసిమ్మని. ఆ ఫారం దగ్గరే లిటరేచర్ కథ ముగుస్తుంది. 1992లో ఓ-లెవెల్‌లో పూర్తి సబ్జెక్టుగా లిటరేచర్ రాసినవాళ్ళు దాదాపు 17 వేలమంది. 2012 నాటికి ఆ సంఖ్య దాదాపు 3 వేలకి పడిపోయింది. 2013లో ఈ విషయం పార్లమెంటుదాకా వెళ్ళింది. కంబైన్డ్ హ్యుమానిటీస్‌లో సగం పేపరుగా లిటరేచర్ తీసుకునేవాళ్ళు వేరే ఉన్నారని ప్రభుత్వం సమాధానం చెప్పింది, నిజమే, ఉన్నారు. కానీ 17 వేలు 3 వేలు ఎందుకయ్యాయో ఊహించడం కష్టం కాదు. 1992లోనే స్కూళ్ళ ర్యాంకుల జాబితాలు పేపర్లో రావడం మొదలైంది. లిటరేచర్లో ఏ-వన్ తెచ్చుకోవడం కష్టం, జాగ్రఫీలో సులువు అని ఒక నమ్మకం. స్కూళ్ళకి ర్యాంకు కావాలి, తల్లిదండ్రులకి గ్రేడు కావాలి. స్కూళ్ళని అంతస్తులుగా పెట్టే పద్ధతిని 2012లో ఎత్తేశారు. అలవాటు మాత్రం మన డైనింగ్ టేబుళ్ళ దగ్గర స్థిరపడిపోయింది.

జూనియర్ కాలేజీలో సీటుకి ఇక్కడ ఎల్-1 ఆర్-5 అని ఒక లెక్క ఉంది. ఆరు సబ్జెక్టుల గ్రేడ్లూ కూడితే వచ్చే అంకె. ఎంత తక్కువైతే అంత గొప్ప. (2028 ప్రవేశాల నుంచి అయిదు సబ్జెక్టులకి తగ్గిస్తున్నారు. 2027లో ఓ-లెవెల్ అనే పేరు కూడా పోయి కొత్త సర్టిఫికెట్ వస్తుంది. పేరేదైనా మన కూడికలు మనకి ఉంటాయి.) ఆ అంకె కోసం పద్నాలుగేళ్ళ పిల్లల ఫారాల్ని తండ్రులు ఎక్సెల్ షీట్లలో నింపడం నేను చూశాను. ఒక ఉగాది సమావేశంలో, మా అమ్మాయి లిటరేచర్ పూర్తి సబ్జెక్టుగా తీసుకోవాలనుకుంటోంది అని మాటవరసకి అన్నాను. పక్కన పులిహోర తింటున్న స్నేహితుడు చెయ్యి ఆపేసి, నిజమైన జాలితో అడిగాడు: "ఏమైందన్నా? పాపకి సైన్సులో మార్కులు తగ్గాయా?"

అతను మంచివాడు. అతని భయం కూడా నిజమే. వీసా ఉద్యోగం మీద పరాయి దేశంలో ఉన్నవాడికి పిల్లల మార్కులే భూమీ పుట్రా. ఆ భయాన్ని వెక్కిరించను. ఆ భయం చేయిస్తున్న పని మీదే నా తగువు.

సరే, నవల వదిలేశారు. మరి వాదన ఎలా నేర్పుతున్నారు? ఓ-లెవెల్ ఇంగ్లీషు మొదటి పేపర్లో నాలుగు అంశాలిచ్చి ఒకదానిమీద 350 నుంచి 500 మాటల్లో వ్యాసం రాయమంటారు. దీనికి ఇక్కడి పిల్లలందరికీ కంఠతా వచ్చిన మంత్రం "పీల్". పాయింటు, ఎవిడెన్స్, ఎక్స్‌ప్లనేషన్, లింకు. పేరాకి నాలుగు మెట్లు. నేను ప్రోగ్రాములు రాసి బతికేవాడిని, టెంప్లేట్లంటే నాకు ద్వేషం ఉంటే ఉద్యోగం పోతుంది. మొదటిసారి వ్యాసం రాసేవాడికి పీల్ మంచి ఊతకర్రే. కానీ ఈ సూత్రంతో రాసిన పదీ పదిహేను వ్యాసాలు తెచ్చి వరసగా చదవండి. మూడో మెట్టు దగ్గర అందరూ జారిపడతారు. పాయింటు: సెల్ ఫోన్లు చదువుని చెడగొడతాయి. ఎవిడెన్స్: మా క్లాసులో చాలామంది పాఠం జరుగుతుండగా ఫోన్లు చూస్తారు. ఎక్స్‌ప్లనేషన్: అందువల్ల సెల్ ఫోన్లు చదువుని చెడగొడతాయని తెలుస్తోంది. పాయింటే మళ్ళీ చొక్కా మార్చుకుని వచ్చింది. ఫోను చూడటానికీ చదువు చెడటానికీ మధ్య ఉండవలసిన ముడి ఎక్కడా పడలేదు. పాఠం విసుగ్గా ఉండబట్టే ఫోను చూస్తున్నారేమో, అప్పుడేమంటావు అని ఎవరూ అడగలేదు.

ఆ ముడికి పేరుంది. బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనల తీరు మీద రాసిన పుస్తకంలో దాన్ని "వారంట్" అన్నాడు. సాక్ష్యం నుంచి నిర్ణయానికి వెళ్ళడానికి నీకు అధికారం ఇచ్చే సాధారణ నియమం. మన నైయాయికులు అంతకి ఎన్నో శతాబ్దాల ముందే దాన్ని "వ్యాప్తి" అన్నారు. కొండమీద నిప్పుందనడానికి పొగ కనబడటం ఒక్కటీ చాలదు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న నియమం చెప్పాలి, వంటిల్లులాంటి ఉదాహరణ చూపించాలి, అప్పుడే ఆ కొండకి దాన్ని అన్వయించాలి. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు మెట్లు. మన పీల్ కన్నా ఒక మెట్టు ఎక్కువే.

దీన్ని పిల్లలకి నేర్పే పద్ధతి కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ హిల్లాక్స్ అనే ఆచార్యుడు 2011లో ఆరో తరగతి నుంచి పన్నెండుదాకా వాదన రాయడం ఎలా నేర్పాలో ఒక పుస్తకం రాశాడు. ఆయన మొదటిరోజే పాయింట్లు రాయించడు. ఒక బొమ్మ ఇస్తాడు. పాత పజిల్ పుస్తకంలోది. మెట్ల మీద ఒక మనిషి చచ్చిపడి ఉంటాడు, చేతిలో గ్లాసు అలాగే ఉంటుంది. కాలు జారి పడ్డాడని పెళ్ళాం చెబుతోంది. ఆవిడ చెప్పేది నిజమా అబద్ధమా? పిల్లలు ఎగబడతారు. గ్లాసు చేతిలో ఉంది కాబట్టి ఆవిడ అబద్ధం చెబుతోందని ఎవడో అంటాడు. అయితే ఏం, అంటాడు మాస్టారు. అప్పుడు నియమం బయటికి లాగాలి: జారిపడే మనిషి చేతిలో ఉన్నది వదిలేసి దేన్నో పట్టుకోబోతాడు. ఎప్పుడూ అలాగే చేస్తాడా? సాధారణంగా చేస్తాడు. ఆ "సాధారణంగా" అన్న మాట దగ్గర పిల్లవాడికి వాదన అంటే ఏమిటో మొదటిసారి తెలుస్తుంది. సాక్ష్యం ముందు, నిర్ణయం తరవాత. మన ట్యూషన్లో పిల్లవాడికి నిర్ణయం ముందే చేతిలో పెట్టి, దానికి సాక్ష్యాలు వెతకమంటున్నాం. మా వృత్తిలో దీన్ని, జవాబు వచ్చేదాకా డేటాని సర్దడం అంటారు.

ఇదంతా బడిపిల్లల గొడవ అనుకునేవాళ్ళకి 2003 ఫిబ్రవరి 1 గుర్తుచెయ్యాలి. కొలంబియా వ్యోమనౌక తిరిగొస్తూ ముక్కలైపోయి, మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. పైకి వెళ్ళేటప్పుడే నురగ ముక్క ఒకటి ఊడి రెక్కకి తగిలింది. ప్రమాదమా కాదా అని ఇంజనీర్లు లెక్కలు వేసి, పవర్‌పాయింట్ స్లయిడ్లలో పైవాళ్ళకి చూపించారు. తరవాత విచారణ సంఘం అందులో ఒక స్లయిడ్‌ని తన నివేదికలో ప్రత్యేకంగా తప్పుబట్టింది. పైన ధైర్యం చెప్పే శీర్షిక. కింద, బుల్లెట్లలో బుల్లెట్‌గా, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలనీ ఇది 1920 అనీ ఉంది. అంటే ఆరువందల రెట్ల పైచిలుకు. సాక్ష్యం కాగితం మీదే ఉంది. "కాబట్టి మన పాత పరీక్షలు దీనికి వర్తించవు" అన్న ఒక్క వాక్యం ఎవరూ రాయలేదు. ఉపనయం లేదు. నేను రోజూ చూసే డిజైన్ డాక్యుమెంట్లలో ప్రాణాలు పోయేంత విషయం ఉండదు, కానీ జబ్బు అదే. అద్భుతంగా కోడు రాసే మన కుర్రాళ్ళు, ఈ డేటాబేసు ఎందుకు, అది ఎందుకు కాదు అని ఒక్క పేజీ రాయమంటే పది బుల్లెట్లు పంపిస్తారు. మీటింగులో ఎదురుప్రశ్న వస్తే నొచ్చుకుంటారు. చిన్నప్పుడు ఎదురు చెప్పొద్దన్నాం కదా, ఎవరైనా ఎదురు చెబితే అది అవమానమనే నేర్చుకున్నారు.

వాదన సరే, నవలెందుకు, పజిళ్ళు చాలవా అంటారు. చాలవు. దీనికి ఇక్కడి బళ్ళలో చాలామంది పిల్లలకి తెలిసిన పుస్తకమే చెబుతాను, హార్పర్ లీ రాసిన టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్, 1960 నవల. అందులో కోర్టు సీను హిల్లాక్స్ బొమ్మకి అన్నగారు. ఒక తెల్లపిల్లని కొట్టి చెరిచాడని టామ్ రాబిన్సన్ అనే నల్లవాడి మీద కేసు. ఆ పిల్లకి దెబ్బలు మొహం కుడివైపు తగిలాయి. ఎదురుగా నిలబడి కుడివైపు కొట్టాలంటే సాధారణంగా ఎడంచేతి వాటం వాడై ఉండాలి. టామ్ ఎడంచెయ్యి చిన్నప్పుడు పత్తి మిషనులో పడి పనికిరాకుండా పోయింది. ఆ పిల్ల తండ్రి కోర్టులో సంతకం పెట్టింది ఎడంచేత్తో. లాయరు అటికస్ ఫించ్ ఒక్కొక్క సాక్ష్యమే బయటపెడుతుంటే, చదివే పిల్లవాడు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. ప్రతిజ్ఞ, హేతువు, వ్యాప్తి, అన్నీ ఉన్నాయి. ఎక్కడా వంక పెట్టలేని వాదన.

జ్యూరీ టామ్‌ని దోషి అంటుంది.

ఇది ఏ ఎస్సే ట్యూషనూ చెప్పలేని పాఠం. సరైన వాదన ఓడిపోతుంది. ఎందుకు ఓడింది? ఆ జవాబు కోర్టు సీనులో లేదు. దానికి ముందూ వెనకా ఉన్న వందల పేజీల్లో ఉంది. ఆ ఊళ్ళో ఎవరు ఎవరి పక్కన కూచుంటారు, ఎవరి పిల్లలు బడికి రారు, చర్చి ఆడవాళ్ళ టీ పార్టీల్లో ఏం మాట్లాడుకుంటారు, ఇవన్నీ చదివినవాడికే తెలుస్తుంది, ఆ పన్నెండుగురి బుర్రల్లో అటికస్ వాదన కన్నా ముందే ఒక వ్యాప్తి పాతుకుని ఉందని. నోట్సులో "థీమ్: రేసిజం" అని ఒక మాట చదివినవాడికి తెలియదు. పుస్తకమంతా చెబుతున్నది ఒక చిన్నపిల్ల, ఆ పిల్లకి అర్థం కానివి మనకి అర్థమవుతుంటాయి. ఎవరు చెబుతున్నారు, వాళ్ళకి ఎంత తెలుసు, ఏం దాస్తున్నారు? సోషల్ స్టడీస్ పేపర్లో "ఈ ఆధారం ఎంత నమ్మదగినది?" అని ఇక్కడ అడిగే ప్రశ్న ఇదే. అక్కడ ఆరు లైన్ల ముక్క ఇచ్చి అడుగుతారు, నవల మూడువందల పేజీలు నిన్ను ఆ ప్రశ్నలోనే కూచోబెడుతుంది.

అయితే చదవడమంటే కళ్ళు పరిగెత్తించడం కాదు. పెన్సిల్ చేతిలో ఉండాలి. అయిదో అధ్యాయం దగ్గర ఈ మనిషి మంచివాడా అని మార్జిన్లో రాసుకోవాలి, ఇరవయ్యో అధ్యాయం దగ్గర మళ్ళీ రాసుకోవాలి, రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ, ఏ సంఘటన దగ్గర తన మనసు మారిందో చెప్పాలి. పాత సరస్వతీదేవి కళ్ళకద్దుకునే అలవాటున్న మనకి పుస్తకం మీద గీతలు పెట్టడం పాపంలా ఉంటుంది. పెట్టనివ్వండి. లైబ్రరీ పుస్తకమైతే పసుపు కాగితాలు అంటించుకోనివ్వండి. తన అభిప్రాయం మారిన చోటు చూపించగల పిల్ల రాసే వ్యాసంలో "అయినప్పటికీ" అన్న మాట మంత్రంలా కాకుండా అర్థంతో వస్తుంది.

నవల లేకుండా వాదన ఒక్కటే నేర్పితే ఏం తయారవుతుందో మనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనకి గిరీశం ఉన్నాడు. నూట పాతికేళ్ళుగా నవ్వుకుంటూనే ఉన్నాం, కానీ ఆయన వృత్తి ఏమిటో మరిచిపోతాం. ఆయన ట్యూషన్ మాస్టారు. వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పడానికే వాళ్ళ ఊరు వెళ్తాడు. విధవా వివాహం మీద, నాచ్ మీద, పొగ తాగడం మీద, దేనిమీదైనా అనర్గళంగా వాదిస్తాడు. ప్రమాణం కావాలంటే అక్కడికక్కడే పుట్టిస్తాడు. పాయింటు, ఎవిడెన్స్, ఎక్స్‌ప్లనేషన్, లింకు, అన్నీ పక్కాగా ఉంటాయి. ఎదుటి మనిషి బాధ మాత్రం ఆయన వాక్యాల్లోకి ఎప్పుడూ రాదు. గురజాడ ఆయన్ని లాజిక్‌తో ఓడించలేదు, మధురవాణి ముందు నిలబెట్టి చూపించాడు. టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇవాళ మనకి గిరీశాల కొరత లేదు, ఇంకా తయారు చెయ్యడానికి గంటకి ఎనభై డాలర్లు కట్టడం దేనికి? ఆమాటకొస్తే చాట్‌జీపీటీ అంతకన్నా చవగ్గా, ఏ పక్షానికైనా, నిమిషంలో పీల్ పేరా రాసిస్తుంది. మిషను నింపగలిగిన ఖాళీలు నింపడాన్నే మనం పిల్లల ఆలోచన అనుకుంటున్నామంటే, ఆ రంగంలో ఉన్నవాడిగా నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఇప్పుడు పూర్వపక్షం. (ఎదుటివాడి వాదన ముందు పూర్తిగా చెప్పి తరవాతే ఖండించడం మన శాస్త్రాల మర్యాద. ఇంగ్లీషు వ్యాసంలో దీన్ని కౌంటర్ ఆర్గ్యుమెంట్ పేరా అని చివర్లో ఇరికిస్తారు.) మొదటి మాట: సింగపూరు పిల్లలు చదవడంలో ఇప్పటికే ప్రపంచంలో మొదటివాళ్ళు, 2022 పీసా పరీక్షలో రీడింగులో 543 మార్కులతో అగ్రస్థానం వాళ్ళదే. నిజం, గొప్ప విషయం. కానీ ఆ పరీక్షలో ఉండేవి ఓ పూటలో ముగిసే చిన్న చిన్న పాఠాలు. ఒక మనిషితో మూడు వారాలు కాపురం చేసి, అతని మీద తీర్పు చెప్పడం ఆ పరీక్ష అడగదు, అడగలేదు కూడా. రెండో మాట: లిటరేచర్ మార్కులు దిద్దేవాడి ఇష్టం. ఇది చెప్పేవాళ్ళు లెక్కలకి అలవాటు పడ్డ మా ఇంజనీర్లే. ప్రాజెక్టు రివ్యూ, అప్రైజలు, ఇంటర్వ్యూ, పెళ్ళిసంబంధం, ఇందులో ఏ ఒక్కటైనా దిద్దేవాడి ఇష్టం కాకుండా జరిగిందా బాబూ మీ జీవితంలో? దిద్దేవాడు ఒప్పుకునేలా ఆధారాలు చూపించడమే కదా అక్కడ నేర్పేది. మూడో మాట కొంచెం బరువైనది: మనమెవరమూ ఇంగ్లీషు నవలలు చదవకుండానే ఇక్కడిదాకా వచ్చాం. అవును, వచ్చాం. మనకి ఇంట్లో, వీధిలో, హాస్టల్లో తెలుగుండేది. రాత్రి పన్నెండుదాకా మెస్సు మెట్లమీద కూచుని దేవుడున్నాడా లేడా, చిరంజీవా బాలకృష్ణా అని గొంతులు పోయేలా వాదించుకున్నాం. వారపత్రికలో సీరియల్ కోసం ఇంట్లో కొట్టుకునేవాళ్ళం. మన పిల్లలకి అదేదీ లేదు. ఇక్కడి బళ్ళలో మాతృభాషగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. మన పిల్లలు ఎక్కువగా హిందీ మాతృభాషగా రాస్తారు, పరీక్ష అయిన మర్నాడు మరిచిపోతారు. ఇంట్లో తెలుగు "అన్నం తిన్నావా, స్నానం చేశావా" దగ్గర ఆగిపోతుంది. అంటే పెద్ద ఆలోచన ఏదైనా వీళ్ళు చెయ్యగల భాష ఇంగ్లీషు ఒక్కటే. ఆ ఒక్క తలుపునీ గ్రేడు కోసం మూసేస్తే పిల్ల దేనితో ఆలోచిస్తుంది?

స్వదేశంలో ఉన్నవాళ్ళు దీన్ని చదివి, పాపం సింగపూరు వాళ్ళు అనుకుంటే అది కూడా కుదరదు. పదేళ్ళ పైమాటే, మన పదో తరగతి పుస్తకాల్లో "మీ అభిప్రాయం రాయండి" తరహా ప్రశ్నలు పెట్టారు. పెట్టినవాళ్ళకి దణ్ణం. కొన్నాళ్ళకే విజయవాడ లెనిన్ సెంటర్లో ఆ పిల్లల అభిప్రాయాలన్నీ అచ్చేసి గైడులుగా దొరికాయి. తెలుగు ఉపవాచకంగా రామాయణం ఉంటోంది. అందులో వాలి, ప్రాణం పోతూ రాముణ్ణి నిలదీస్తాడు, చాటునుంచి కొట్టడం నీ ధర్మమేనా అని. రాముడు జవాబు చెబుతాడు. తరతరాల వ్యాఖ్యాతలు తలలు పట్టుకున్న చర్చ అది, పదిహేనేళ్ళ పిల్లలకి ఇంతకన్నా మంచి వాదన పాఠం ఏ దేశంలో దొరుకుతుంది? ఇద్దరి పక్షాలూ రాసి, నీకు ఎవరి వ్యాప్తి నిలబడుతుందనిపించిందో చెప్పమంటే క్లాసు అదిరిపోదూ! మనం సారాంశం రాయిస్తాం. ఇంటర్‌కి రాగానే మార్కులు పడతాయని, అక్షరాలు సరిగా రాని సంస్కృతం తీసుకుని తెలుగు కూడా వదిలేయిస్తాం. సింగపూరు ఫారం, హైదరాబాదు ఫారం, రెంటి మీదా సంతకం మనదే.

బడిలో పిల్లలచేత ఏం రాయించాలి అన్న తగువు మనకి కొత్తది కూడా కాదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు కాంపొజిషన్ ఉపసంఘంలో గ్రాంథికం వాళ్ళది పైచెయ్యి అయితే, గురజాడ తన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో రాశారు. అదేమీ ఆవేశంతో రాసిన పేజీన్నర కాదు, పాత గ్రంథాల నుంచీ జనం వాడుక నుంచీ ఉదాహరణలు పోగుచేసి, ఎదుటివాళ్ళ మాట ఒక్కొక్కటే తీసుకుని విప్పిన పుస్తకమంత వాదన. ఆ పూట కమిటీలో ఆయన ఓడిపోయారు, మరుసటేడు పోయారు. మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యం ఏ భాషలో ఉందో చూసుకోండి.

ఇక మేం చేస్తున్న పని చెప్పి ముగిస్తాను. పెద్ద ఉద్యమం ఏమీ కాదు, ఆరుగురు పిల్లలు, నాలుగు కుటుంబాలు, ఆదివారం సాయంత్రం గంటన్నర. గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర చదువుతున్నాం. పిల్లలకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. కాబట్టి పెద్దవాళ్ళం వంతులవారీగా పైకి చదువుతాం. ఎక్కడైనా "ఆపండి" అనే హక్కు పిల్లలది. ఆపినవాళ్ళు ఒక ప్రశ్నో, ఒక అభ్యంతరమో చెప్పాలి, ఇంగ్లీషులోనైనా సరే. మొదటి రెండు వారాలూ ఎవరూ ఆపలేదు, అంకుల్ చదువుతుంటే మధ్యలో ఎలా ఆపుతాం అని. మూడోవారం నుంచి పేజీ తిరగడం లేదు. వాళ్ళకిచ్చిన పని ఒక్కటే: పుస్తకం పేరు ఒక ప్రతిపాదన. రచయిత సీతారామారావుని అసమర్థుడన్నాడు. రుజువైందా? ప్రతి అధ్యాయానికీ అవుననడానికి ఒక సాక్ష్యం, కాదనడానికి ఒక సాక్ష్యం, దాని వెనక నియమం రాయాలి. ఇతను మనుషులతో, తనతో తాను ఎంతైనా వాదించగలడు, ఒక్క పనీ చెయ్యలేడు. సమర్థత అంటే ఏమిటో ముందు తేల్చకుండా ఈ మాట ఎలా అంటారు అని ఒక కుర్రాడు అడ్డం తిరిగాడు. వంశం పేరు నిలబెట్టమని చెప్పి పెంచిన తండ్రిని కదా ముందు బోనెక్కించాలి అని పదమూడేళ్ళ పిల్ల ఒకర్తి అంది. గదిలో ఉన్న తండ్రులం కాసేపు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నాం.

ఉగాదినాడు జాలిపడ్డ స్నేహితుడు కూడా వాళ్ళబ్బాయిని పంపిస్తున్నాడు. ఒక షరతు పెట్టాడు, ఇది ఎల్-1 ఆర్-5కి ఉపయోగపడుతుందని నేను మాటివ్వాలిట. ఇవ్వలేదు. "మరి ఎందుకు పంపాలో చెప్పన్నా, కన్విన్స్ చెయ్యి" అన్నాడు. వచ్చి కూచుని విను, ఒప్పుకోకపోతే "ఆపండి" అను అన్నాను. పోయిన ఆదివారం రెండుసార్లు ఆపాడు.